కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఎల్‌సీఏ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం. వస్తువుల వల్ల పర్యావరణంపై పడే భారాన్ని లెక్కగట్టే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఎల్‌సీఏ)లో స్థిరపడతానంటోంది. ఉద్యోగాలుంటాయా? లోను తీసుకుని విదేశాలకు పంపమంటారా?
- ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఉద్యోగాలున్నాయండీ. ఎల్‌సీఏ అని వెతికితే మాత్రం తక్కువే కనిపిస్తాయి. సస్టైనబిలిటీ, ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన), కార్బన్ ఫుట్‌ప్రింట్ అన్న పేర్లతో కూడా వెతకమనండి. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల్లాంటి సరుకులు యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్తే, వాటి తయారీలో వెలువడిన కర్బనానికి 2026 జనవరి నుంచి ధర పడుతోంది. ఇది పూర్తి ఎల్‌సీఏ కాదు, అయినా ఆ లెక్క తెలిసినవాళ్ల అవసరం దీనికీ ఉంటుంది. మన దగ్గర సెబీ కూడా మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలకు, పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాలు చెప్పే బీఆర్ఎస్ఆర్ నివేదికను 2022-23 నుంచి తప్పనిసరి చేసింది.

మీ అమ్మాయి చదువుతున్న బ్రాంచి దీనికి బాగా సరిపోతుంది. మాస్ బ్యాలెన్స్, ఎనర్జీ బ్యాలెన్స్ (లోపలికి వెళ్లిన పదార్థం, శక్తి ఎటు పోయాయో సరిచూసే లెక్కలు) గట్టిగా వస్తే ఈ పనిలో సగం వచ్చినట్టే. మిగతా సగం ఓపిక. ఎవరూ సరిగా రాసిపెట్టని అంకెలను అడిగి, సరిచూసి, ఒకచోట చేర్చాలి.

లోను మాత్రం ఇప్పుడే వద్దంటాను. ముందు ఆ పని ఒక్కసారి చేసి చూడనివ్వండి. మీ ఊళ్లో రైస్ మిల్లులకు కొదవ లేదు కదా! ఫైనలియర్ ప్రాజెక్టుగా కిలో బియ్యం లెక్క తీసుకోమనండి. నారుమడి నుంచి మిల్లు గేటు దాకా నీళ్లు, యూరియా, డీజిల్, కరెంటు, ఊక అన్నీ అందులోకి వస్తాయి. తీరా లెక్క వేశాక, భూతాపం విషయంలో పెద్ద వాటా చాలావరకు మిల్లుది కాదు, పొలానిదని తేలుతుంది. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. ఇంకో చిక్కు కూడా ఎదురవుతుంది. వడ్లు ఆడిస్తే బియ్యంతో పాటు తవుడు, నూక, ఊక వస్తాయి. పొలంలో పడిన భారాన్ని వీటి మధ్య ఎలా పంచాలి? బరువును బట్టి పంచితే ఒక జవాబు, ధరను బట్టి పంచితే మరొకటి. ఏది ఎందుకు ఎంచుకుందో తను స్పష్టంగా చెప్పగలగాలి. నేనైతే ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ పేర్ల కన్నా ముందు ఇదే అడుగుతాను.

సాఫ్ట్‌వేర్‌కు ఓపెన్‌ఎల్‌సీఏ ఉచితంగా దొరుకుతుంది. ఈ లెక్కలకు కావాల్సిన అంకెలిచ్చే ఎకోఇన్వెంట్ లాంటి డేటాబేస్‌కు డబ్బు కట్టాలి, కాబట్టి మొదట ఉచితంగా దొరికేవాటితోనే నేర్చుకోవచ్చు. ఎల్‌సీఏ ఎలా చేయాలో చెప్పే ఐఎస్ఓ 14040, 14044 అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతి తెలిసి ఉండాలి. గేట్‌లో కెమికల్‌తో పాటు 2021లో మొదలైన ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు కూడా ఉంది. మంచి ర్యాంకు వస్తే ఐఐటీలో ఎంటెక్ స్టైపెండుతో చదవొచ్చు. విదేశాలకే వెళ్లాలనుకున్నా, సొంతంగా చేసిన ఆ ప్రాజెక్టు రిపోర్టు దరఖాస్తుకు బలమవుతుంది.

ఆడపిల్ల ఒక్కతే వెళ్లి మిల్లులో లెక్కలు అడిగితే ఇవ్వడానికి తటపటాయిస్తారు. తెలిసిన యజమానితో మీరే మాట్లాడి, ఏడాది కరెంటు బిల్లులు, ఆడించిన వడ్లు, బాయిలర్‌లో కాల్చిన ఊక లెక్కలు ఇప్పించండి. రిపోర్టు పూర్తయ్యాక కూడా తనకు ఇదే ఇష్టంగా ఉంటే, అప్పుడు లోను సంగతి మాట్లాడుకుందాం.