సాంబారు సాయంత్రానికే ఎందుకు పులుస్తోంది?

ప్రశ్న: ఖమ్మంలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పొద్దున పదకొండుకి దింపిన పప్పు, సాంబారు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తీస్తున్నాం. రాత్రి ఏడయ్యేసరికి పుల్లవాసన వస్తోంది. మళ్లీ మరిగించి అమ్మొచ్చా?

జవాబు: అమ్మకండి. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం ఎంత మరిగించినా పోదు. లోపం ఫ్రిజ్‌ది కాదు, గిన్నెది. పది లీటర్ల గిన్నెను మూతపెట్టి లోపలికి తోస్తే అంచులు చల్లబడతాయి గానీ నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. 60 డిగ్రీలకు దిగువన, 5 డిగ్రీలకు పైన ఉన్నంతసేపూ ఆ సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి.

దించి అమ్మకం అయ్యాక మిగిలినదాన్ని రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పాటి స్టీలు ట్రేల్లో పోయండి. ట్రేలను ఐసునీళ్లలో నిలబెట్టి గరిటెతో తిప్పుతూ ఉండండి. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. చేత్తో తాకి చూస్తే తెలియదు, గుచ్చి చూసే థర్మామీటరు కొనండి. పూర్తిగా చల్లారాకే మూత.

కౌంటర్ మీద వేడినీళ్లలో కూర గిన్నెలు ఉంచే బేన్‌మేరీ వేడిని నిలుపుతుందే తప్ప చల్లటి కూరను వేడెక్కించదు. పొయ్యి మీద తెర్లించాకే అందులో పెట్టాలి. దాని నీటిమట్టం గిన్నెలోని కూర ఎత్తుదాకా లేకపోతే పైభాగం చల్లారిపోతుంది. అన్నిటికన్నా చెడ్డ అలవాటు, మధ్యాహ్నపు అడుగుసరుకులో సాయంత్రం తాజాది కలపడం. మంచిదీ పాడవుతుంది. అసలు సాయంత్రం బేరానికి విడిగా వండుకోవడమే లాభం: కందిపప్పు మాత్రం ఉడికించి చల్లార్చి పెట్టుకుని, ముక్కలు, చింతపండు పులుసు, తాలింపు అయిదింటికి వేసుకోండి.

ప్రశ్న: డెలివరీ యాప్‌లో చేరమంటున్నారు. గిట్టుబాటవుతుందా?

జవాబు: విడి కూరకు కాదు. 40 రూపాయల కూరకు కమీషన్ 25 శాతం అనుకుంటే 10 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 1.80, డబ్బా 5. చేతికొచ్చేది 23.20. సరుకు, గ్యాస్, కూలి కలిపి 22 పడితే మిగిలేది రూపాయి పావలా కూడా కాదు! అదే కూర కొట్టు దగ్గర కవర్లో కట్టిస్తే 17 దాకా మిగులుతుంది. అన్నం, రెండు కూరలు, పెరుగు కలిపి 150కి పెట్టండి. అదే లెక్కన కమీషన్, పన్ను 44.25, ప్యాకింగ్ 14, సరుకూ కూలీ 65 పోగా 26.75 ఉంటుంది. ఆఫర్ల ఖర్చు మీ వాటాలోంచి కోస్తారేమో ఒప్పందంలో చదివాకే సంతకం చేయండి.

ప్రశ్న: వేడి సాంబారు కవర్లో పోస్తే ముడి దగ్గర కారుతోంది.

జవాబు: కవరు మెత్తబడే రకమై ఉంటుంది. వేడికి తట్టుకునే పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) రకం, ఆహారానికి తగినదని రాసున్నదే అడగండి. మూడింట రెండు వంతులే నింపి, ఆవిరి పోయాక రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేయండి. బజ్జీలను న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, సిరా నూనెలోకి దిగుతుంది.