కామెర్లకు పసరు తాగి ఎన్నాళ్లు ఆగాలి?

ప్రశ్న: మా నాయనకు 61 ఏళ్లు. మూడు వారాలుగా కళ్లు పచ్చబడినాయి, ఒళ్లంతా ఒకటే దురద. నొప్పి లేదు, జ్వరం లేదు. పసరు తాగించి పథ్యం పెడుతున్నాం. రెండు నెలల కిందటే షుగర్ బయటపడింది, 7 కిలోలు తగ్గినాడు. ఇంకెన్నాళ్లు చూడాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఇక చూడొద్దమ్మా. ఈ వారంలోనే స్కాన్ చేయించండి. పసరుతో తగ్గిందని ఊళ్లో చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి, పేరు పసరుకు వస్తుంది. మీ నాయనవి ఆ రకంలా లేవు.

జీర్ణాశయం వెనక, వెన్నెముక ముందు సుమారు 15 సెంటీమీటర్ల పొడవున క్లోమం (పాంక్రియాస్) ఉంటుంది. తిండిని అరిగించే ఎంజైములు, షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్ తయారయ్యేది అందులోనే. కాలేయం నుంచి వచ్చే పైత్యరస నాళం దాని తల భాగం గుండానే పేగులోకి దిగుతుంది. అక్కడ గడ్డ లేస్తే నాళం నొక్కుకుపోయి పైత్యం రక్తంలోకి మళ్లుతుంది. మూత్రం డికాషన్ రంగులో, మలం సుద్దలా తెల్లగా ఉన్నాయేమో గమనించి డాక్టరుకు చెప్పండి. నాళంలో రాయి పడినా ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఇప్పుడే బెంగపడకండి. అయితే 50 దాటాక నొప్పి లేని కామెర్లు, కొత్త షుగర్, బరువు తగ్గడం మూడూ కలిస్తే, క్లోమ క్యాన్సర్ కాదని తేలేదాకా ఊరుకోకూడదు. ఈ జబ్బు బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలున్నవాళ్లు నూటికి 15–20 మందే. పసరుకు పోయే నెల అందుకే అంత ఖరీదైనది.

అల్ట్రాసౌండ్ పరగడుపున తీయించండి. గ్యాస్ అడ్డొస్తే క్లోమం కనబడదు. రిపోర్టులో ‘క్లోమం సరిగా కనబడలేదు’ అని ఉంటే బాగుందని అర్థం కాదు, కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) కావాలి. దానికి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి. కామెర్లు దిగడానికి పైత్యరస నాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేస్తామంటే, సీటీ ముందే తీయడానికి వీలవుతుందా అని అడగండి. స్టెంట్ పడ్డాక వాపు వల్ల గడ్డ హద్దులు మసకబారతాయి, ఆపరేషన్ కుదురుతుందో లేదో చెప్పేవి ఆ హద్దులే. చలిజ్వరం వస్తే మాత్రం ఏదీ ఆలోచించకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతి స్విమ్స్‌కు వెళ్లినా, వేలూరు సీఎంసీకి వెళ్లినా రిపోర్టుతో పాటు సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: క్లోమ క్యాన్సర్‌లో పెరిగే సీఏ 19-9 అనే పదార్థానికి ఏటా రక్తపరీక్ష చేయించుకుంటే జబ్బు ముందే తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తెలియదు. మామూలు కామెర్లలోనూ అది పెరుగుతుంది. కొందరి ఒంట్లో అసలు తయారే కాదు. జబ్బు తేలాక చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికే అది పనికొస్తుంది. సిగరెట్, బీడీ అలవాటుంటే అది మానండి, మేలు అక్కడుంది.

ప్రశ్న: మా ఆయనకు క్లోమం తల భాగం తీసేశారు. ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకుంటున్నా మలం జిడ్డుగా నీళ్లపై తేలుతోంది. సంగటి మానిపించాలా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: తప్పు సంగటిది కాదు, చాలావరకు వేళది. తిన్నాక వేసుకుంటే ముద్ద ముందు దిగిపోయి ఎంజైమ్ వెనకబడుతుంది. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో మిగతాది వేసుకోవాలి. నమలకుండా చల్లటి నీళ్లతో మింగాలి. కాఫీ, పొగలు కక్కే రసం వద్దు, వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. పెద్ద భోజనానికి మామూలుగా 40,000–50,000 యూనిట్లు, చిరుతిండికి అందులో సగం పడుతుంది. పూటకు 10,000 యూనిట్లది ఒక్కటే ఇస్తుంటే డాక్టరును అడిగి పెంచండి. గ్లాసు పాలకూ క్యాప్సూల్ కావాలి. నూనె, నెయ్యి పూర్తిగా ఆపేస్తే బరువు ఇంకా పడిపోతుంది. మన ఎండల్లో సీసాను పొయ్యి దగ్గర, బండి డిక్కీలో పెట్టకండి.