ఈసీజీ బాగున్నా మళ్లీ రక్తం ఎందుకు తీస్తారు?
అన్నా, కర్నూలులో మీ నాయనకు ఛాతీ నొప్పి వస్తే ఈసీజీ బాగుందంటూనే 3 గంటలు ఉంచి మళ్లీ రక్తం తీశారు, ఇదంతా బిల్లు కోసమేనా అని అడిగారు కదా. కాదన్నా. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది, కానీ అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. రెండు శాంపిళ్ల మధ్య అంకె పెరిగిందా లేదా అన్నదే అసలు సంగతి. కొద్దిపాటి ట్రోపోనిన్‌నూ పట్టేసే హై సెన్సిటివిటీ పరీక్ష ఉన్నచోట 1, 2 గంటల తేడాతోనే తేలుస్తున్నారు. మొదట మామూలుగా ఉన్న ఈసీజీ కూడా తర్వాత మారొచ్చు.

అనంతపురంలో మా మామ గ్యాసేలే అని గోలీసోడా తాగి కూర్చున్నాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయనకు రెండో ట్రోపోనిన్ పరీక్షలోనే గుండెపోటని బయటపడింది. నొప్పి మళ్లీ వస్తే బైకు ఎక్కించొద్దు, 108కి ఫోన్ చేయండి.