కృత్రిమ చర్మం కంపెనీ పెడుతున్న శ్రావణికి

శ్రావణీ,

ఉద్యోగం మానేసి కృత్రిమ చర్మం తయారుచేసే కంపెనీ పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఇంత ధైర్యం చేసింది నువ్వే. చాలా గర్వంగా ఉంది, అంత టెన్షన్‌గానూ ఉంది.

లైసెన్సులు, ఎథిక్స్ కమిటీ, క్లీన్‌రూమ్ (దుమ్ము, క్రిములు చేరని గది) సంగతి నీకు తెలిసిందే. భాగస్వాములతో ప్రతిదీ కాగితం మీద పెట్టుకో.

మార్కెట్ ఏటా పెరుగుతోందంటూ నువ్వు పంపిన రిపోర్టులు చదివాను. వాటిలో అప్లిగ్రాఫ్ కథ లేదు. ఆవు కొల్లాజెన్ (చర్మానికి పట్టునిచ్చే ప్రోటీన్) మీద పసిపిల్లల చర్మకణాలు పెంచి చేసిన రెండు పొరల చర్మం అది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొండి కాలిపుండ్లు దానితో మానుతున్నాయని తెలిసి మా ల్యాబ్‌లో అందరం మురిసిపోయాం. కానీ తయారుచేసిన ఆర్గానోజెనిసిస్ 2002లో దివాలా పిటిషన్ వేసింది. డెర్మాగ్రాఫ్ట్ అనే ఇంకో కృత్రిమ చర్మం తెచ్చిన అడ్వాన్స్‌డ్ టిష్యూ సైన్సెస్‌కీ ఆ ఏడాదే అదే గతి. సరుకు పనిచెయ్యక కాదు తల్లీ! అప్లిగ్రాఫ్‌లోని బతికున్న కణాలు గోడౌన్‌లో నెలల తరబడి ఉండవు. కొద్దిరోజుల్లో రోగి దగ్గరికి చేరకపోతే పారెయ్యాల్సిందే. తయారీ ఖర్చు ముందు అమ్మకాల రాబడి చాల్లేదు. ఆర్గానోజెనిసిస్ తర్వాత నిలదొక్కుకుంది గానీ, అందరికీ ఆ రెండో అవకాశం రాదు.

మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని చూడు. యాసిడో సున్నమో పడి పాడైన కంటికి మూలకణాలను (స్టెమ్ సెల్స్) మొదట ల్యాబ్‌లో పెంచి అతికించేవాళ్లు. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకో దారి చూపించింది. బాగున్న కంటి నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, పాడైన కంటిమీద ఉమ్మనీటి పొర (కడుపులో బిడ్డ చుట్టూ ఉండే పల్చటి పొర) పరిచి దానిమీద అతికించారు. కణాలు కంట్లోనే పెరిగాయి, ల్యాబ్ ఖర్చు తప్పింది. నీ పద్ధతిలో ఏ మెట్టు తీసేయొచ్చో ముందు అది ఆలోచించు.

నా అసలు భయం వేరే. మా కాలనీలో ఒకాయన, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే కొడుకు నడుస్తాడని ఎవరో చెబితే పొలం అమ్మేశాడు. పిల్లాడు నడవలేదు. రేపు పెట్టుబడి పెట్టేవాళ్లు బ్రోషర్‌లో ‘నయమవుతుంది’ అని రాయమంటారు. ట్రయల్‌లో తేలకముందే ఆ మాట రాశావో, నీ గడప తొక్కను. కోపంతో అనడం లేదమ్మా, ఆయన ముఖం మర్చిపోలేక అంటున్నాను.

ఆదివారం భోజనానికి రా. చిక్కిపోయావని మీ పెద్దమ్మ బెంగపడుతోంది. ఒక్క ముక్క తయారీకి ఎంతవుతుందో, ఎన్ని పారేయాల్సి వస్తుందో రాసుకుని తీసుకురా. లెక్క కుదిరితే నా రిటైర్మెంట్ డబ్బులో కొంత నేనూ పెడతాను.

మీ పెదనాన్న