ఒక్క చ వత్తు

హనుమకొండ

చిరంజీవి శ్రావణికి పెద్దబాపు ఆశీస్సులు.

అంతర్జాతీయ వార్తల డెస్కులో చేరావని మీ నాన్న చెప్పాడు, సంతోషం. ఏ దేశపు వార్తా ఏజెన్సీని నమ్మాలని అడిగావట. అది తరువాత చూద్దాం బిడ్డా. కాపీ, అంటే ఏజెన్సీ పంపిన వార్త, చేతికి రాగానే ముందు క్రియాపదం చూడు. కర్త ఉన్నాడా, మాయమయ్యాడా?

నా తప్పే చెబుతాను. 1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధవిమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 269 మంది పోయారు. 1988 జులై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు. ఆ రెండు రాత్రులూ డ్యూటీ నాదే. మొదటిదానికి ‘విమానాన్ని కూల్చిన రష్యా’ అని శీర్షిక పెట్టాను. రెండోదానికి ‘గల్ఫ్‌లో కూలిన ఇరాన్ విమానం’ అన్నాను. ఒక్క చ వత్తు ఎగిరిపోయేసరికి నౌకా లేదు, క్షిపణీ లేదు, విమానం దానంతటదే పడిపోయింది! అలా రాయమని ఎవరూ చెప్పలేదు. టెలిప్రింటర్‌లో వచ్చిన పాశ్చాత్య కాపీ ఎటు వాలితే నా కలమూ అటే వాలింది. అమెరికా వారపత్రిక న్యూస్‌వీక్ మొదటి ఘటనను ముఖచిత్రం మీదే ‘గగనతలంలో హత్య’ అంది, రెండోదానికి ‘ఎందుకు జరిగింది’ అని ఆరా తీసింది. సోవియట్ ఏజెన్సీ టాస్ మాత్రం తక్కువ తిన్నదా? 1983లో తమ గగనతలంలోకి చొరబడ్డ విమానం జపాన్ సముద్రం వైపు వెళ్లిపోయిందని మొదట చల్లగా చెప్పింది.

2022 నుంచి రష్యా పత్రికల్లో ఉక్రెయిన్ యుద్ధం ‘ప్రత్యేక సైనిక చర్య’. అక్కడ ఆ మాట దాటి రాస్తే జైలు దాకా పోవచ్చు. భయంతో రాసినదాన్ని పసిగట్టవచ్చు. నాలా అలవాటుగా రాసినదాన్ని పట్టుకోవడమే కష్టం.

మరీ నవ్వకు. 1948లో హైదరాబాద్ మీదికి సైన్యం వస్తే మనమూ ‘పోలీసు చర్య’ అనే కదా అన్నాం! ఇప్పటికీ సెప్టెంబరు 17 ఒకరికి విమోచన, ఇంకొకరికి విలీనం, మరొకరికి సమైక్యత. ఏ పేరు రాశావో చూసి నువ్వు ఎవరి మనిషివో వరంగల్ చౌరస్తాలో చాయ్ తాగేవాడు చెప్పేస్తాడు.

‘వెల్లడించారు’, ‘ఆరోపించారు’ దగ్గర కూడా ఆగు. మనకు నచ్చినవాడు వెల్లడిస్తాడు, నచ్చనివాడు ఆరోపిస్తాడు. తేల్చుకోలేకపోతే ‘అన్నారు’ చాలు. శీర్షిక మాత్రం రెండు పక్షాల కాపీలూ ముందు పెట్టుకున్నాకే రాయి.

ఆ 1988 నాటి కత్తిరింపు ఇంకా నా బీరువాలో ఉంది. బతుకమ్మకు వచ్చినప్పుడు చూద్దువుగాని.

ఇట్లు,
మీ పెద్దబాపు