సోడియం బ్యాటరీలో కార్బన్ ఎంత కలపాలి?

ప్రశ్న: ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం సోడియం బ్యాటరీ ధన ఎలక్ట్రోడ్‌లో వాడే సోడియం వెనేడియం ఫాస్ఫేట్ తయారుచేసి, దానిని కల్వంలో 10 శాతం కార్బన్ బ్లాక్‌తో (మసి లాంటి సన్నని కార్బన్ పొడితో) నూరి, కాయిన్ సెల్ (నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ) కట్టాను. పది గంటల్లో ఛార్జి చేస్తే బాగానే పనిచేస్తోంది కాని, పది నిమిషాల్లో చేస్తే సామర్థ్యం పడిపోతోంది. కార్బన్‌ను 20 శాతానికి పెంచినా పెద్దగా మార్పు రాలేదు. కారణం ఏమిటి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ పదార్థపు స్ఫటికంలో సోడియం అయాన్లు తిరగడానికి విశాలమైన దారులు ఉన్నాయి కాని, వెనేడియం పరమాణువుల మధ్య ఫాస్ఫేట్ సమూహాలు అడ్డుగా ఉండటం వల్ల ఎలక్ట్రాన్లు సులువుగా దాటలేవు. అయాన్, ఎలక్ట్రాన్ రెండూ ఒకేచోట అందుబాటులో ఉంటేనే చర్య సాగుతుంది కనుక, వేగం పెంచినప్పుడు ఎలక్ట్రాన్ వెనకబడి, రేణువులో కొంత భాగం వాడుకలోకి రాకుండా మిగిలిపోతుంది.

మీరు నూరి కలిపిన కార్బన్, ఫాస్ఫేట్ రేణువుల సందుల్లో చేరి, ఎలక్ట్రోడ్ పదార్థాన్ని పూసిన అల్యూమినియం రేకు నుంచి ఎలక్ట్రాన్లకు దారి వేస్తుంది. కాని అది ఒక్కొక్క రేణువును ఏ రెండు మూడు చోట్లనో మాత్రమే తాకుతుంది. అక్కడి నుంచి మిగతా ఉపరితలానికి ఎలక్ట్రాన్ ఆ మందకొడి పదార్థం మీదుగానే వెళ్లాలి. సందుల్లో దారులు ఒకసారి ఏర్పడ్డాక ఇంకెంత పొడి కలిపినా ఈ ఇబ్బంది తీరదు. పైగా కార్బన్ దాదాపు ఏ సోడియాన్నీ దాచుకోదు, స్థలాన్ని మాత్రం ఆక్రమిస్తుంది. 20 శాతం కలిపిన ముద్ద ద్రావకాన్ని పీల్చుకుని చిక్కబడటం, ఆరేటప్పుడు రేకు మీద నెర్రెలు విచ్చడం మీరూ గమనించే ఉంటారు.

అందుకే కార్బన్, ఫాస్ఫేట్ రేణువుకు పూతగా పట్టాలి. ముడిపదార్థాలతో పాటే సిట్రిక్ ఆమ్లాన్నో చక్కెరనో నీటిలో కరిగించి, ఆరబెట్టి, ఆర్గాన్‌లో సుమారు 750 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చండి. మాడిన చక్కెర కొన్ని నానోమీటర్ల పొరగా రేణువును చుట్టుకుంటుంది, రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవి కాకుండా ఆపుతుంది, వెనేడియాన్ని +3 స్థితిలో నిలుపుతుంది. పొర మందమైతే సోడియానికే అడ్డవుతుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, లిథియం బ్యాటరీల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు తయారీలోనే కార్బన్ పూత పట్టించే పద్ధతిని అభివృద్ధి చేసింది, సూత్రం ఇదే.

ఇదే పద్ధతిని సోడియం బ్యాటరీల్లో వాడే మరో రకం పదార్థాలైన పొరల ఆక్సైడ్ల మీద ప్రయోగించవద్దు. ఆ వేడిలో కార్బన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాగేసి దానిని పాడుచేస్తుంది. ఇంకో రకమైన ప్రష్యన్ వైట్ (ఇనుము, సయనైడ్ ఉన్న పదార్థం) అయితే అంత వేడికి విచ్ఛిన్నమైపోతుంది. దానికి ద్రావణంలో అవక్షేపం ఏర్పడుతున్నప్పుడే కార్బన్ నానోట్యూబులను కలపడం మేలు.

పూత శాతాన్ని గాలిలో వేడిచేసి తూచి తేల్చబోతే మోసపోతారు. కార్బన్ కాలి బరువు తగ్గుతుండగానే వెనేడియం ఆక్సిజన్‌ను తీసుకుని బరువు పెరుగుతుంది కాబట్టి, కార్బన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మూలకాల విశ్లేషణ యంత్రం అందుబాటులో ఉంటే దానినే వాడండి. ఆపైన పూత ఉన్న పొడితో ఒకటి, లేని పొడితో ఒకటి సెల్ కట్టి, రెండింటిలోనూ పొడి, కార్బన్ బ్లాక్, బైండర్ (పొడిని రేకుకు అంటించే జిగురు)లను 80:10:10 పాళ్లలోనే ఉంచి, రేకు మీద చదరపు సెంటీమీటరుకు పట్టే పదార్థాన్ని కూడా సమానంగా చూసుకుని పోల్చండి.