పాలిచ్చే తల్లి విటమిన్ మాత్రలు ఆపేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. బాబుకు నాలుగో నెల, తల్లిపాలే. ఐరన్, కాల్షియం మాత్రలు, వారానికో విటమిన్ డి సాషే వాడుతున్నాను. జుట్టు ఊడుతోందని బయోటిన్ గమ్మీలూ మొదలుపెట్టాను. బాబుకు వేడి చేస్తుంది, అన్నీ ఆపేయమంటున్నారు మా అత్తగారు. ఏం చేయాలి?

సమాధానం: ఐరన్, కాల్షియం ఆపకండి. గమ్మీలు మానేయండి. సాషే విషయంలో మాత్రం మీ మందుల చీటీ తీసి తేదీ చూడండి.

ఒక్కో సాషేలో 60,000 యూనిట్లు ఉంటాయి. లోపం ఉన్నవాళ్లకు సాధారణంగా వారానికొకటి చొప్పున 8 వారాలు రాస్తాం, తర్వాత ఆపడమో, నెలకొకటికి తగ్గించడమో చేస్తాం. పాత చీటీ చూపించినా మెడికల్ షాపులో ఇచ్చేస్తారు, చిక్కంతా అక్కడే. గడువు దాటి వాడుతుంటే ఆపి, రక్తంలో విటమిన్ డి, కాల్షియం చూపించుకోండి. మోతాదు మించితే అతిదాహం, వాంతులు, మలబద్ధకం కనిపిస్తాయి.

మామూలు మోతాదులో మీరు వేసుకునే విటమిన్ డి పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. అందుకే బాబుకు విడిగా రోజూ 400 యూనిట్ల చుక్కలు కావాలి. సీసా మీద ఒక ఎంఎల్‌కు 400 అని ఉంటే ఒక ఎంఎల్, 800 అని ఉంటే అర ఎంఎల్. బ్రాండ్ మారినప్పుడల్లా ఇది చదవాలి. పాత అలవాటుతో డ్రాపర్ నిండా పోసేవాళ్లు చాలామంది.

60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి. 500 మిల్లీగ్రాముల కాల్షియం రోజుకు రెండుసార్లు, ఆరు నెలలు. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి. ఐరన్ పదకొండున్నరకు నిమ్మరసంతో. ఆ మాత్రకు ముందూ వెనకా గంటసేపు ఫిల్టర్ కాఫీ వద్దు. ఐరన్‌తో విరేచనం నల్లగా, గట్టిగా అయ్యేది మీకే, బాబుకు కాదు. అత్తగారు వేడి అంటున్నది బహుశా దీన్నే.

ఇక గమ్మీలు. పాలిచ్చే తల్లికి రోజుకు 35 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. జుట్టు కోసం అమ్మేవాటిలో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. కొన్నింట్లో విటమిన్ ఎ కూడా కలుపుతారు. రెటినాల్ రూపంలో ఉండేది అన్నీ కలిపి రోజుకు 10,000 యూనిట్లు దాటకూడదు. కాన్పయిన మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం మామూలే, చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. నీరసం, గుండెదడ కూడా ఉంటే థైరాయిడ్ చూపించుకోండి. బయోటిన్ ఆ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు కాబట్టి, గమ్మీలు మానేసిన మూడు రోజుల తర్వాతే రక్తం ఇవ్వండి.